తలుపు మీది ఎర్ర చుక్కలు

ఈ నెలకు ఇరవై తొమ్మిది రోజులా, ముప్పయ్యా అన్న సందేహం వస్తే చంద్రుడు నేరుగా మా ఊరు మహ్దియాకు దిగి వచ్చి, మునిసిపల్ క్రీడాశాల వెనక తలుపు తట్టి, మా అమ్మమ్మ మన్నూబియాను అడిగి, ఆమె చెప్పినట్టు చేసి వెళ్తాడు. నెలవంక చూసే పెద్దలు ఆ తరువాతే మేడ ఎక్కుతారు. నమ్మనివాళ్ళు ఆమె ఉతికే నిక్కర్లను అడిగి చూడవచ్చు.

ఇంతటి మనిషి గదా అని ఆమెను వెతుక్కుంటూ వెళ్తే మీకు కనిపించేది అరవై ఏడేళ్ళ పొట్టి ముసలమ్మ. మెట్లెక్కుతూ మూడో మెట్టు మీద ఆగి మిగిలిన మెట్లను పేరుపేరునా తిడుతుంది. పేకాటలో దొంగాట ఆడుతుంది. క్రీడాశాలలో బరువు చూసుకునే యంత్రం ఎక్కేటప్పుడు చెప్పులే కాదు, తల గుడ్డ కూడా తీసి పక్కన పెడుతుంది, అయినా వచ్చిన అంకెను ఒప్పుకోదు. చదువు అంకెల దగ్గరే ఆగిపోయింది. అక్షరాలకూ మా కుటుంబానికీ నా ముందు దాకా పొసగలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ క్రీడాశాలలో ఆడపిల్లల గది తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. హ్యాండ్‌బాల్ జట్టు బట్టలు ఉతకడం ఆమె పని. ఎవరి మోచేయి గీరుకుంది, ఎవరు కొత్తగా సిగరెట్టు మొదలుపెట్టారు, ఎవరికి ఏ తేదీన నెలసరి వస్తుంది, ఇవన్నీ ఆమెకు సబ్బు నీళ్ళలోనే తెలిసిపోతాయి. తెలిసింది ఎవరికీ చెప్పదు. మాకూ చెప్పదు, ఎంత బతిమాలినా.

రంజాన్‌లో ఆమెకు ఇంకో ఉద్యోగం ఉంటుంది. నెలసరి రోజుల్లో ఉన్న ఆడవాళ్ళకు ఉపవాసం లేదు, వదిలిన రోజులను పండగ తరువాత ఎప్పుడైనా తీర్చుకోవాలి. ఇది దేవుడి లెక్క, ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. మనుషుల లెక్క వేరు. తినవచ్చు గానీ తింటూ అన్న కంట పడకూడదు. నీళ్ళు తాగవచ్చు గానీ గ్లాసు చప్పుడు నాన్నకు వినపడకూడదు. అందుకని మా ఊరి ఆడపిల్లలు ఏటా ఐదారు రోజులు లేని ఉపవాసం ఉన్నట్టు నటిస్తారు. ఇంట్లో పడుకుని నటిస్తే నటించారు, రెండు గంటలు గెంతి బరువులెత్తే పిల్లలు ఎలా నటిస్తారు? మన్నూబియా ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే ఒక పిల్ల ఆట మధ్యలో కళ్ళు తిరిగి పడి రెండు పళ్ళు పోగొట్టుకుంది. మరునాటి నుంచి బాయిలర్ గదిలో ఒక పెట్టె వెలిసింది. అందులో పొయ్యి రొట్టె, ఉడికించిన గుడ్లు, ఆలివ్ నూనె సీసా, నీళ్ళు. అవసరమైన పిల్ల వచ్చి "పెద్దమ్మా, తాళంచెవి" అంటుంది. ఈమె ఇస్తుంది. ఇద్దరూ ఇంకో మాట మాట్లాడరు.

ఇక లస్సాద్ సంగతి. లస్సాద్ చెడ్డవాడు కాదు, మా కోపానికి అదే పెద్ద ఇబ్బంది. అమ్మాయిలకు బరువులెత్తడం నేర్పే శిక్షకుడు. మూడేళ్ళలో ఆ జట్టులో నాలుగు మోకాళ్ళు పోయాయి. అది చూసి తట్టుకోలేక చలికాలంలో రాజధాని ట్యూనిస్ వెళ్ళి, ఐదు రోజులు క్లాసులో కూర్చుని, ఒక సిద్ధాంతం పట్టుకొచ్చాడు. నెలసరి మొదలైన రోజులు విశ్రాంతి. ఆపైన రెండో వారం చివరిదాకా పెద్ద బరువులు. మిగిలిన రెండు వారాలు తేలిక బరువులు. ఇలా చేస్తే కండ బాగా పడుతుంది, మోకాళ్ళు నిలబడతాయి అన్నాడు. అంతా బాగానే ఉంది, తేదీలు కావాలి. రంజాన్‌కు ముందు వారం ఉతుకు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, పిల్లల తేదీలు నీకు తెలుసు గదా. ఒక్కొక్కటీ చెప్తే రాసుకుంటా."

"ఏ తేదీలు నాయనా, పుట్టినరోజులా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అదే... నెలవి."

"నోటితో అనలేనివాడివి, రాసుకుని ఏం చేస్తావు?"

"వాళ్ళ మంచికే పెద్దమ్మా."

"మంచికైతే వాళ్ళనే అడుగు. నాకు చెప్పింది వాళ్ళు కాదు, వాళ్ళ బట్టలు. బట్టలు నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడవు."

అతను వాళ్ళను అడగలేదు. పద్నాలుగు మంది ఆడపిల్లలను నిలబెట్టి కాళ్ళు ఎంత వంచాలో, నడుము ఎంత తిప్పాలో గంటల తరబడి చెప్పగలడు గానీ ఈ ఒక్క ప్రశ్న అడగలేడు. దానికి బదులు రంజాన్ మొదటి తొమ్మిది రోజులూ వరండాలో కూర్చుని బాయిలర్ గది వైపు ఎవరు వెళ్తున్నారో చూశాడు. వెళ్ళిన వాళ్ళ పేర్లు రాసుకున్నాడు. వెళ్ళని వాళ్ళకు ఇరవై ఎనిమిది రోజుల సగటు వేసి తనే తేదీలు కట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా సిగ్గు దాచుకోవడానికి పనికొచ్చిన దారి, అతని చేతిలో వేగు చూసే దారి అయింది. రంజాన్ పదో తేదీన పెద్ద కాగితం ఒకటి ఆడపిల్లల గది తలుపు మీద వెలిసింది. ఒక్కొక్క పేరు, పేరు పక్కన చుక్కలు. ఎరుపు విశ్రాంతి, నీలం పెద్ద బరువులు, పచ్చ తేలిక బరువులు.

ఆ తలుపు ముందు నుంచే మగవాళ్ళ జట్టు మైదానంలోకి వెళ్తుంది. మొదటి రోజే ఒకడు ఆగి, వేలు పెట్టి చదివి, "ఏడో నంబరుతో ఇవాళ ఎవరూ మాట్లాడకండిరా, ఎర్ర దీపం వెలిగింది" అన్నాడు. వెనకవాళ్ళంతా నవ్వారు. ఏడో నంబరు పిల్ల గదిలోనే ఉంది. విన్నది. ఆ రోజు ఆటకు రాలేదు, మరునాడూ రాలేదు. మన్నూబియా వెళ్ళి క్లబ్బు కార్యదర్శికి చెప్తే, ఇది సైన్సమ్మా, నీకు అర్థం కాదులే అన్నాడట. అవును, ఆమెకు సైన్సు అర్థం కాదు. ఇరవై ఏళ్ళ పిల్ల ఎందుకు ఇంటికి వెళ్ళిపోయిందో మాత్రం అర్థమైంది. సైన్సు తెలిసినవాళ్ళకు అదొక్కటే అర్థం కాలేదు.

పద్నాలుగో తేదీ సాయంత్రం ఆ కాగితం పొరపాటున వాషింగ్ మెషిన్‌లో పడింది. పొరపాటు అంటే, కుర్చీ ఈడ్చుకొచ్చి, దాని మీదికెక్కి, నాలుగు పిన్నులు పీకి, ఎనిమిది మడతలు పెట్టి, ఒక చొక్కా లోపల దూర్చిన పొరపాటు. వారం రోజులు జట్టు బట్టల నిండా కాగితపు తునకలే. లస్సాద్ కొత్తది అచ్చు వేయించి, ఈసారి ప్లాస్టిక్ తొడుగు వేసి తగిలించాడు.

ఆ కాగితాన్ని అందరికంటే భక్తిగా పాటించిన పిల్ల దొర్సాఫ్. మా వీధి పిల్లే, పందొమ్మిదేళ్ళు. జట్టులో అంత గట్టిగా బంతి విసిరేవాళ్ళు ఇంకెవరూ లేరు. నిరుడు జూన్‌లో గాలిలోకి ఎగిరి విసిరి దిగుతున్నప్పుడు కుడి మోకాలు లోపలికి తిరిగింది, ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ తెగింది. జులైలో ఆపరేషన్ అయింది. మూడు నెలలు చంక కర్రలూ నడకా, ఆ తరువాత బరువులు. పండగ అయిన నాలుగో రోజున పరీక్ష పెట్టారు. ఆపరేషన్ అయిన కాలు, మంచి కాలు నెట్టే బరువులో వందకు తొంభై వంతులు నెట్టాలి. నెడితే చివరి పోటీల జాబితాలో పేరు ఉంటుంది. నెట్టకపోతే ఆ చోటు వేరే ఊరి పిల్లకు ఇస్తామని క్లబ్బు ముందే చెప్పేసింది. దొర్సాఫ్‌కు ఆ ఆట తప్ప వేరే ధ్యాస లేదు. తలుపు మీద ఆమె పేరు పక్కన పదో తేదీ నుంచి పందొమ్మిది దాకా పచ్చ చుక్కలు, ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా ఎర్ర చుక్కలు. పరీక్షకు నెల రోజులు కూడా లేని సమయంలో, పది రోజులు బొమ్మ బరువులెత్తి, ఐదు రోజులు బల్ల మీద కూర్చుంది. చార్టులో ఉంది గదా అంది.

ఇరవై ఆరో తేదీన ఆమె తల్లి జాజియా పళ్ళెం నిండా ఖర్జూరం నింపిన మిఠాయి బిళ్ళలు పట్టుకొచ్చింది, ఇఫ్తార్ తరువాత తినమని. ముఖం వెలిగిపోతోంది.

"పెద్దమ్మా, మా పిల్ల ఒక్క రోజు వదల్లేదు ఈసారి. ఇరవై ఆరుకు ఇరవై ఆరు. వీధిలో ఏ ఆడపిల్లయినా ఉందా చెప్పు అలా? దేవుడు దానికి ఈ ఏడు అట్లా రాసిపెట్టాడు."

మన్నూబియా పళ్ళెం అందుకుంది. దేవుడు చల్లగా చూడాలి అంది. జాజియా వెళ్ళిపోయాక ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

పందొమ్మిదేళ్ళ ఆడపిల్లకు ఇరవై ఆరుకు ఇరవై ఆరు ఎలా వస్తాయి? దొర్సాఫ్ ఈ నెలలో ఒక్కసారి కూడా తాళంచెవి అడగలేదు. అడగకపోతే, మా వీధి పిల్లే గదా, ఇంట్లో తల్లి చాటుగా పెడుతోందని ఈమె అనుకుంది. తల్లి పెట్టడం లేదు, తల్లి గొప్పలు చెప్పుకుంటోంది. మన్నూబియా లేచి ఉతకాల్సిన బుట్ట బోర్లించింది. దొర్సాఫ్ నిక్కరు నడుము దగ్గర రెండు మడతలు పెట్టి పిన్నీసు గుచ్చి ఉంది. ఆ పిన్నీసును జనవరి నుంచి ఆమె తన చేత్తోనే తీస్తోంది, మెషిన్ గీరుకుంటుందని తిడుతోంది, ఉతికాక మళ్ళీ గుచ్చుతోంది. నిక్కరు ఎందుకు వదులైందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

మరునాడు మధ్యాహ్నం దొర్సాఫ్‌ను బాయిలర్ గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏంటి పెద్దమ్మా?"

"నా దగ్గర వద్దు తల్లీ. ఆరేళ్ళుగా నీ బట్టలు ఉతుకుతున్నా."

దొర్సాఫ్ పైపుల వైపు చూస్తూ, సెప్టెంబర్ నుంచి అంది.

"మీ అమ్మకు తెలుసా?"

"అమ్మ సంతోషంగా ఉంది గదా."

ఏం తింటున్నావని అడిగితే లెక్క చెప్పింది. ఇఫ్తార్‌కు మూడు ఖర్జూరాలు, గిన్నెడు సూపు. తెల్లవారుజామున తినడానికి లేవదు. రంజాన్‌కు ముందు కూడా దాదాపు అంతే. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఒంటి మీద ప్రతి కిలో మోకాలి మీద నాలుగు కిలోల భారం అని చెప్పాడట. అది తలలో అతుక్కుపోయింది.

"ఏడు కిలోలు తగ్గాను పెద్దమ్మా. అంటే మోకాలి మీద ఇరవై ఎనిమిది కిలోలు దించేశాను."

ఆ మాట ఎంతో గర్వంగా అంది. మా అమ్మమ్మ అప్పుడు అరుస్తుందని మీరు అనుకుంటారు, మేమూ అనుకున్నాం. అరవలేదు. చొక్కాలు కొలిచే టేపు తీసి ఆమె తొడలు కొలిచింది. ఎడమది యాభై ఒకటి, కుడిది నలభై ఆరు. రెండు అంకెలూ పైకి చదివింది.

"మేస్త్రీని పెట్టి గోడ కట్టమంటున్నావు, ఇటుకలు మాత్రం ఇవ్వనంటున్నావు. వాడు దేంతో కట్టాలే?"

"చార్టు ప్రకారమే చేస్తున్నా గదా."

"ఎర్ర చుక్కల రోజుల్లో నీకేం వచ్చింది?"

"ఏమీ రాలేదు."

"మరి ఐదు రోజులు బల్ల మీద ఎందుకు కూర్చున్నావు?"

"ఇది తప్పు అని చెప్తే, మిగతాది కూడా చెప్పాలి గదా పెద్దమ్మా."

గుడ్డు ఒలిచి ఇచ్చింది. దొర్సాఫ్ తీసుకోలేదు, ఇంక మూడు రోజులే గదా అంది. రోగికి ఉపవాసం లేదని చెప్పింది దేవుడు, మీ అమ్మ కాదు అని మన్నూబియా గట్టిగానే చెప్పింది. అయినా తీసుకోలేదు. ఒలిచిన గుడ్డు ఆ సాయంత్రం దాకా పెట్టె మీదే ఉంది.

ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున, మెట్ల మీద ఒక్కసారి కూడా ఆగకుండా, దొర్సాఫ్ చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ రక్తం తీయించింది, ఎముకల పరీక్ష రాసింది, ఉపవాసం ఈ క్షణమే ఆపమంది. ఒంటికి తిండి చాలక నెలసరి ఆగిందని, ఇలాగే ఉంటే కండే కాదు ఎముక కూడా పోతుందని చెప్పింది. బరువులెత్తడానికి ఏ వారం మంచిదని మన్నూబియా అడిగితే ఆమె నవ్వింది. అది ఇంకా ఎవరికీ గట్టిగా తెలియదు, ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో రకం, తినకపోతే కండ పట్టదని మాత్రం అందరికీ తెలుసు అంది. దొర్సాఫ్ అక్కడే, డాక్టరమ్మ బల్ల ముందు, గ్లాసెడు నీళ్ళు తాగింది. ఏడుస్తూ తాగింది. సాయంత్రం జాజియా కూడా ఏడ్చింది. వీధిలో ఏమని చెప్పాలి అని ముందు, నా పిల్ల ఎముకలు అని తరువాత. ఆ వరసను మా అమ్మమ్మ ఇప్పటికీ క్షమించలేదు.

ఆ రోజు ఆటవేళకు మన్నూబియా ఆడపిల్లల గది తలుపు ముందు కుర్చీ వేసుకుని, తాళాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చార్టు దిగేదాకా గది తెరవనంది. బయట అమ్మాయిలు సంచులతో నిలబడ్డారు. మగవాళ్ళ జట్టు కూడా చుట్టూ చేరింది. లస్సాద్ వచ్చాడు.

"పెద్దమ్మా, దీంట్లో తప్పేముందో చెప్పు. ఒక్క తప్పు చూపించు, తీసేస్తా."

తప్పు ఆమెకు తెలుసు. ఐదో వరసలో, ఐదు ఎర్ర చుక్కలు. ఒక్క మాట చెప్తే ఆ కాగితం అప్పుడే దిగుతుంది. ఆ మాట ఆమెది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరి సంగతీ ఎవరికీ చెప్పని మనిషి, నోరు బిగించుకుని, ముఖం కందగడ్డలా చేసుకుని కూర్చుంది. తప్పు లేదన్నమాట అని కార్యదర్శి వెనక నుంచి అన్నాడు. ముసలమ్మ మొండితనం అని ఇంకెవరో అన్నారు. ఆమె తాళాల గుత్తిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

దొర్సాఫ్ అమ్మాయిల్లోంచి ముందుకు వచ్చింది.

"కోచ్, నా పేరు పక్కన ఎర్ర చుక్కలు అబద్ధం. నాకు సెప్టెంబర్ నుంచి నెలసరి రాలేదు. నువ్వు అడిగి ఉంటే చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు. కానీ నువ్వు అడగలేదు."

మగపిల్లలంతా నేల చూశారు. ఏడో నంబరు మీద జోకు వేసినవాడు కూడా. లస్సాద్ చార్టు మీద ఆమె వరసలోని చుక్కలను వేలితో లెక్కపెట్టాడు. ఈ పదిహేను రోజులూ నీ కాలికి నేను ఏమీ చేయించలేదా అని మెల్లగా అడిగాడు. తరువాత తనే కుర్చీ అడిగి, మన్నూబియాను లేపి, ఎక్కి, పిన్నులు పీకాడు.

ఇక్కడ ఆపేస్తే అందరికీ హాయిగా ఉంటుంది. కానీ పండగ అయిన నాలుగో రోజున దొర్సాఫ్ కుడి కాలు వందకు డెబ్బై ఒకటే నెట్టింది. జాబితాలో ఆమె పేరు లేదు. వేరే ఊరి పిల్ల వచ్చి ఆమె చొక్కా వేసుకుంది, ఆ చొక్కాను మన్నూబియానే ఉతికింది, ఆ పిల్ల తప్పేమీ లేదు గనుక బాగానే ఉతికింది. క్లబ్బు నుంచి ఎవరూ క్షమించమని అడగలేదు. చార్టు సంగతి ఎత్తితే కార్యదర్శి, ఏ చార్టు అన్నాడు.

లస్సాద్ మారాడు, అది ఒప్పుకోవాలి. ఇప్పుడు ప్రతి పిల్ల దగ్గరా ఒక చిన్న పుస్తకం ఉంది, అది ఆ పిల్లదే. ఏ రోజున ఎలా ఉందో, ఏం తిన్నదో, ఎంత బరువు ఎత్తగలిగిందో తనే రాసుకుంటుంది. చూపించాలనుకుంటే చూపిస్తుంది. ఒకతె నెలసరి మొదటి రోజే అందరికంటే ఎక్కువ ఎత్తుతోంది, ఒకతె ఆ రోజు మంచం మీంచి లేవలేకపోతోంది, ఇద్దరికి ఏ తేడా లేదు. అతను బరువులు ఆ రోజును బట్టి, ఆ కాలును బట్టి వేస్తున్నాడు. చెవులు ఎర్రబడుతూనే అడుగుతున్నాడు.

దొర్సాఫ్ ఐదు కిలోలు పెరిగింది. జూన్ చివర ఒక ఉదయం ఉతుకు గది గుమ్మం దగ్గర నిలబడి, వచ్చింది పెద్దమ్మా అని చెప్పి పరుగెత్తబోయి, మోకాలు గుర్తొచ్చి నడిచి వెళ్ళింది. మొన్న ఆగస్టులో కుడి కాలు ఎనభై నాలుగు నెట్టింది. తొంభైకి ఇంకా ఆరు తక్కువ. ఈ ఏడు ఆడుతుందో లేదో ఎవరికీ తెలియదు.

ఇంతవరకు రాసి మా అమ్మమ్మకు చదివి వినిపించాను. బట్టలు మడత పెడుతూ విన్నది. మెట్లను తిట్టడం గురించీ, పేకాట గురించీ చదివినప్పుడు కూడా మడత ఆపలేదు. అందరూ గుడ్డివాళ్ళలా తిరుగుతుంటే నువ్వొక్కదానివే కనిపెట్టావు గదా అమ్మమ్మా, ఇంకేమైనా చేర్చాలా అని అడిగాను.

"కనిపెట్టానని రాస్తావేం? ఇరవై ఆరు రోజులు ఆ పిల్ల నా కళ్ళ ముందే ఆకలితో బరువులెత్తింది. చూడలేదని రాయి."